ఎరుపులో నీలం కలిపితే ఊదా ఎందుకు రాలేదు?

అనంతపురంలో గది తీసుకుని డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ, సాయంత్రం పూట ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రంలో చిత్రలేఖనం నేర్చుకుంటున్న 19 ఏళ్ల అమ్మాయి ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు. వారి స్వస్థలం ధర్మవరం. తండ్రి 30 ఏళ్లుగా పట్టునూలుకు రంగులద్దుతున్నారు, తల్లి కండెలు చుడతారు, అన్న బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగంలో ఉన్నారు.

శిక్షణ కేంద్రంలో మొదటి నెలలోనే వర్ణచక్రం, అంటే రంగులను వరుసగా గుండ్రంగా అమర్చిన బొమ్మ, వేయించారట. ఎరుపు, పసుపు, నీలం ప్రాథమిక రంగులని, ఎరుపునూ నీలాన్నీ కలిపితే ఊదా వస్తుందని మాస్టారు చెప్పగా, ఈమె తన దగ్గరున్న స్కార్లెట్, ప్రష్యన్ బ్లూ పోస్టర్ కలర్ సీసాలు తీసి అలాగే కలిపారు. వచ్చింది ఊదా కాదు, ఆమె మాటల్లోనే చెప్పాలంటే "చెరువు అడుగున ఉండే బురద." మూడుసార్లు కలిపినా అదే ఫలితం. పక్కనున్నవాళ్లు అంగడిలో దొరికే ఊదా సీసా కొని తెచ్చి చక్రంలో ఆ గడిని నింపేశారు, వారికి మెప్పు దక్కింది. ఈమెతో మాత్రం అందరి ముందూ మాస్టారు, "నీకు రంగుల చూపు లేదమ్మా, పెన్సిలు పని చూసుకో" అన్నారు. ఆనాటి నుంచి కుంచె పట్టుకుంటే చేయి వణుకుతోందని రాశారు. పెన్సిలు పనిలో ఆ మాస్టారు చాలా గట్టివారని, తనకు కొలతలు కుదిరింది ఆయన వల్లేనని కూడా ఆమె న్యాయంగా ఒప్పుకున్నారు.

ప్రాథమిక రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని అన్న అంటారు. ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే పొరుగింటాయన ఇద్దరిదీ తప్పంటారు. ఖరీదైన విదేశీ రంగులు కొంటే అన్నీ సర్దుకుంటాయని స్నేహితురాలి సలహా. శిక్షణ రుసుము కోసమే నాయన అప్పు చేశారు కాబట్టి మళ్లీ డబ్బు అడగడానికి ఈమెకు నోరు రావడం లేదు. డ్రాయింగ్ హయ్యర్ గ్రేడ్ పరీక్షకు ఇంకా నాలుగు నెలలుంది, ఆ తరువాత ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్ష రాయాలని కోరిక. అమ్మ మాత్రం మానేసి ఇంటికి రమ్మంటున్నారు. "నాకు నిజంగానే రంగుల చూపు లేదా? ఈ శిక్షణ మానేయాలా?" అన్నవి ప్రధానమైన ప్రశ్నలు. ఉత్తరం చివర, రంగు పట్టిన నాయన చేతులను బొమ్మగా వేయాలని ఉందని, నీడల్లో నలుపు పెడితే చేతులు మసి పూసినట్టు అవుతున్నాయని రెండు వాక్యాలు రాశారు.

అమ్మా,

మీ మొదటి ప్రశ్నకు జవాబు మీ ఉత్తరం అయిదో పేజీలోనే ఉంది. మీరు దాన్ని ఏదో ఇంటి ముచ్చటలాగా రాసి వదిలేశారు. కొత్తగా రంగు అద్దిన చిలప, అంటే నూలు కట్ట, పాత చిలపతో వన్నెలో కలిసిందో లేదో చెప్పడానికి మీ పన్నెండో ఏటి నుంచి నాయన మిమ్మల్నే పిలుస్తారని, మీరు "ఇది పిసరంత ఎరుపెక్కింది" అంటే ఆయన ఆ చిలపను మళ్లీ తొట్టిలో ముంచుతారని రాశారు. ఒకే వంగపండు రంగులో రెండు విడతల నూలుకు మధ్య ఉండే తేడాను పట్టుకోగల కంటికి రంగుల చూపు లేదనడం ఎంత తొందరపాటో వేరే చెప్పనక్కరలేదు. అయినా ఒకసారి మనసులో పడిన అనుమానం ఊరికే పోదు. రంగులను గుర్తించడంలో కంటికి ఉండే లోపం వైద్యులు పరీక్షించి తేల్చే విషయం. చుక్కల మధ్య అంకెలు దాచిన బొమ్మలతో చేసే ఆ పరీక్షను జపానుకు చెందిన ఇషిహారా 1917లో ప్రచురించారు. ఈనాటికీ ఏ కంటి వైద్యుడి దగ్గరైనా కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. ఎరుపు ఆకుపచ్చల మధ్య తేడా తెలియని ఆ లోపానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉండటం వల్ల అది ప్రధానంగా మగవారిలో కనిపిస్తుంది, ఆడవారిలో అరుదు. కావాలంటే ఒకసారి చేయించుకుని ఆ భయాన్ని తీసివేసుకోండి. చేయించుకోకపోయినా నష్టం లేదని మాత్రం నా నమ్మకం.

ఇక బురద సంగతి. సీసాలోని రంగు తనంత తానుగా వెలుగునివ్వదు. తన మీద పడిన తెల్లని వెలుగులో కొంత భాగాన్ని మింగి, మిగిలినదాన్ని వెనక్కి పంపుతుంది. అలా వెనక్కి వచ్చినదే మనకు కనిపించే రంగు. మీ దగ్గరున్న స్కార్లెట్ నారింజ వైపు ఒరిగిన ఎరుపు. అది ఎరుపునూ, కొంత నారింజనూ వదిలిపెట్టి, నీలాన్నీ ఊదానూ దాదాపుగా మింగేస్తుంది. ప్రష్యన్ బ్లూ ఆకుపచ్చ వైపు ఒరిగిన నీలం. అది నీలాన్నీ, కొంత ఆకుపచ్చనూ వదిలిపెట్టి, ఎరుపును మింగేస్తుంది. ఈ రెండింటినీ ఒకే పళ్లెంలో కలిపినప్పుడు ఒకటి వదిలినదాన్ని రెండోది మింగుతుంది కాబట్టి, ఊదాకు కావలసిన వెలుగు ఏదీ బయటకు రాక గోధుమ నలుపు కలిసిన మురికి మిగులుతుంది. మీరు మూడుసార్లు కాదు, ముప్పైసార్లు కలిపినా ఆ రెండు సీసాల నుంచి అదే వస్తుంది. తప్పు మీ కంటిదీ కాదు, చేతిదీ కాదు. "ఎరుపు", "నీలం" అనే పేర్లు చాలా వెడల్పయినవి, ఆ పేర్ల కింద గుణాలు వేరైన రంగులు ఎన్నో ఉంటాయి.

ఈ సంగతి మీ ఇంట్లో తెలియనిది కాదు. ఈసారి ధర్మవరం వెళ్లినప్పుడు నాయనను ఒక మాట అడగండి: వంగపండు రంగు అద్దాలంటే నీలానికి తోడు కుంకుమ ఎరుపు వేస్తారా, రాణీ రంగు వేస్తారా అని. రాణీ రంగు అనే ఆయన చెబుతారని నా ఊహ. మీరు కూడా ఆ రాణీ వైపు ఒరిగిన ఎరుపును, అంటే క్రిమ్సన్‌ను తీసుకుని, ఊదా వైపు ఒరిగిన నీలాన్ని, అంటే అల్ట్రామెరీన్‌ను కలిపి చూడండి. క్రిమ్సన్ కొంత నీలపు వెలుగును కూడా వదులుతుంది, అల్ట్రామెరీన్‌లో కొంత ఎర్రదనం ఉంటుంది. రెండూ ఒకే దిక్కుకు చూస్తున్నాయి కాబట్టి మధ్యలో ఊదా నిలుస్తుంది. అది అంగడి ఊదా అంత మెరుపుగా రాకపోవచ్చు. దేన్నైనా కలిపినప్పుడు కొంత వెలుగు పోవడం తప్పదు. ఇదే లెక్కన నిమ్మపసుపును ప్రష్యన్ బ్లూతో కలిపితే పదునైన ఆకుపచ్చ వస్తుంది, ముదురు పసుపును అల్ట్రామెరీన్‌తో కలిపితే అణిగిన పాత ఆకుల పచ్చ వస్తుంది. స్కార్లెట్‌ను ముదురు పసుపుతో కలిపితే కనకాంబరం వంటి నారింజ వస్తుంది, క్రిమ్సన్‌ను నిమ్మపసుపుతో కలిపితే మొద్దుబారిన ఇటుకరంగు వైపు పోతుంది. కాబట్టి మీ స్కార్లెట్ సీసాను పారేయకండి, ఊదా పని దానిది కాదు, అంతే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. నేను కర్నూలులో డ్రాయింగ్ మాస్టరుగా పనిచేసిన తొలి ఏళ్లలో, మీ మాస్టారు చెప్పినట్టే నల్లబల్ల మీద చక్రం గీసి, "ఎరుపు, నీలం, ఊదా" అని పిల్లలచేత వల్లె వేయించాను. బురద తెచ్చిన పిల్లవాణ్ని కుంచె సరిగ్గా కడగలేదని కసిరాను కూడా. నాకు చెప్పినవారు నాకలా చెప్పారు, నేను పిల్లలకలా చెప్పాను. సీసా మీద పేరు చదివి కలపాలని నాకు తెలిసేసరికి ఆ పిల్లవాడు బడి దాటిపోయాడు. మీ మాస్టారిని గురించి కింద నేను రాయబోయే మాటల్లో కొంత మెతకదనం కనిపిస్తే కారణం అదే.

ఇప్పుడు అన్నకూ, పొరుగింటాయనకూ, మాస్టారికీ మధ్య ఉన్న తగవు. ముగ్గురూ మూడు వేరువేరు పనుల గురించి మాట్లాడుతున్నారు. అన్న చెప్పేది వెలుగు గురించి. ఫోను తెర మీద తెల్లని పేజీ తెరిచి చిన్న నీటి చుక్క వేసి చూడండి, చుక్క భూతద్దంలా పనిచేసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం గింజలు కనిపిస్తాయి. అక్కడ వెలుగు మీద వెలుగు చేరుతుంది, ఎరుపు వెలుగూ ఆకుపచ్చ వెలుగూ కలిస్తే పసుపు అవుతుంది, మూడూ కలిస్తే తెలుపు. పొరుగింటాయన చెప్పేది తెల్ల కాగితం మీద పలుచని సిరాల గురించి. అక్కడ ఒక్కొక్క సిరా ఒక్కొక్క వెలుగును తీసేస్తుంది. ఆకాశనీలం వంటి సయాన్ ఎరుపును తీసేస్తుంది, రాణీ రంగు వంటి మెజెంటా ఆకుపచ్చను తీసేస్తుంది, పసుపు నీలాన్ని తీసేస్తుంది, నలుపు పదును కోసం చేరుతుంది. దినపత్రిక రంగు పేజీ అడుగు అంచున కనిపించే నాలుగు చిన్న గుర్తులు ఆ నాలుగు సిరాలవే. మాస్టారి ఎరుపు, పసుపు, నీలం చిత్రకారుల పళ్లెంలో తరతరాలుగా వస్తున్న ఏర్పాటు. దొరికే రంగుపొడులతో పని నడవడానికి అది బాగా ఉపయోగపడింది గానీ, నిండైన ఊదాను, నిండైన ఆకుపచ్చను ఇవ్వడంలో సిరాల లెక్కే దానికంటే దగ్గర. న్యూటను 1704లో అచ్చయిన తన కాంతిశాస్త్ర గ్రంథంలో రంగులను మొదట చక్రంగా చుట్టినప్పుడు కూడా, అది గాజు పట్టకంలో చీలిన వెలుగుకు వేసిన చక్రమే, సీసాలోని రంగులకు కాదు. మీ పరీక్షలో ప్రాథమిక రంగులేవని అడిగితే ఎరుపు, పసుపు, నీలం అనే రాయండి. అది అబద్ధం కాదు, ఒక సంప్రదాయం.

వీరు ముగ్గురూ చెప్పనిది ఇంకొకటి ఉంది, అది మీ ఇంటి మగ్గం మీదే ఉంది. పడుగు ఒక రంగు, పేక మరొక రంగు వేసి నేసిన నెమలికంఠం చీరలో నీలం పోగు నీలంగానే, పచ్చపోగు పచ్చగానే ఉంటాయి. అవి ఒకదానిలో ఒకటి కరగవు. పోగులు సన్నవి కావడం వల్ల దూరం నుంచి మన కన్ను వాటిని సగటు చేసుకుంటుంది. అందుకే ఎరుపు పడుగు మీద ఆకుపచ్చ పేక వేస్తే, అవే రంగులను పళ్లెంలో కలిపినప్పుడు వచ్చే నల్లని ముద్ద రాదు, కదిలినప్పుడల్లా ఒకసారి ఎరుపు, ఒకసారి పచ్చ తొంగిచూసే ఒక మధ్యస్థమైన వన్నె వస్తుంది. పళ్లెంలో కలిస్తే మురికయ్యే రెండు రంగులను కాగితం మీద సన్నని గీతలుగా పక్కపక్కన వేసి చూడండి. మగ్గం పక్కన పెరిగిన మీకు ఈ పద్ధతి మిగతావారికంటే తొందరగా పట్టుబడుతుంది.

అద్దకం పని వేరు, చిత్రకళ వేరు అనే భావన మీ ఉత్తరమంతటా ఉంది. "నాయనకు ఈ సిద్ధాంతాలేవీ తెలియవు" అని ఒకచోట రాశారు కూడా. వర్ణచక్రం పాఠంలో ముఖ్యమైన సూత్రాలలో ఒకటి అద్దకం శాలలోనే పుట్టిందని మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఫ్రాన్సులో గోబెలిన్ అనే ప్రసిద్ధమైన నేత శాల ఉంది. అక్కడ అద్దకం విభాగానికి 1824లో షెవ్రేల్ అనే రసాయన శాస్త్రవేత్త అధికారిగా వచ్చాడు. నీలం, ఊదా బట్టల మడతల నీడలకు వాడిన నల్లనూలు నలుపుగా కనిపించడం లేదని, అద్దకంలో లోపముందని ఆయనకు ఫిర్యాదు వచ్చింది. ఆయన ఆ నూలును ఇతర చోట్ల అద్దిన నల్లనూలుతో పోల్చి చూస్తే నలుపులో లోపమేమీ లేదు. పక్కనున్న నీలం, ఊదా పోగులు కంటికి ఆ నలుపును వెలవెలబోయేలా చేస్తున్నాయని తేలింది. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి తమ ఎదురు రంగు (వర్ణచక్రంలో అవతలి వైపు ఉండే రంగు) వైపు నెడతాయనే ఆ నియమాన్ని ఆయన 1839లో పెద్ద గ్రంథంగా ప్రచురించాడు, తరువాతి చిత్రకారులు దాన్ని శ్రద్ధగా చదివారు. మీరు ఇంట్లోనే దీన్ని చూడవచ్చు. ఒకే చిలప నుంచి బూడిద రంగు పోగులు రెండు తీసి, ఒకటి చిలకపచ్చ పట్టుముక్క మీద, ఇంకొకటి ఎర్ర పట్టుముక్క మీద పెట్టండి. పచ్చ మీది పోగు కొద్దిగా ఎర్రబారినట్టు, ఎరుపు మీది పోగు కొద్దిగా పచ్చబారినట్టు కనిపిస్తాయి. షేడు కలిసిందో లేదో చూసేటప్పుడు రెండు చిలపలనూ తెల్లగుడ్డ మీద పెట్టమని నాయన ఎందుకంటారో అప్పుడు అర్థమవుతుంది.

మీరు వేసిన వేరుశనగ చేను బొమ్మ ప్లాస్టిక్‌లా కనిపిస్తోందని రాశారు, దానికి కూడా మూలం ఇక్కడే. అనంతపురం ఎర్రనేల మీద వేరుశనగ ఆకు, నిజానికి ఉన్నదానికంటే పచ్చగా కంటికి తోస్తుంది, ఎందుకంటే చుట్టూ ఉన్న ఎరుపు దాన్ని ఆ వైపు నెడుతుంది. మీరు ఆ తోచిన పచ్చదనాన్ని సీసాలోంచి తీసి పెట్టి, దాని చుట్టూ మళ్లీ ఎర్రనేల వేసేసరికి పచ్చదనం రెండింతలైంది. ఆకుపచ్చలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రని గోధుమరంగు గానీ, కాస్త ఎరుపు గానీ కలిపి అణచండి, పళ్లెంలో అది మరీ మొద్దుగా ఉందనిపించినా నేల పక్కన పెట్టగానే లేచి నిలబడుతుంది. పసుపును ముదురు చేయడానికి నలుపు కలిపితే పాచిపచ్చ వచ్చిందన్నారు. నల్ల రంగులు చాలావరకు నీలం వైపు ఒరిగి ఉంటాయి, పసుపుతో కలిసినప్పుడు ఆ నీలం బయటపడుతుంది. పసుపు నీడకు ఎల్లో ఓకర్ అనే మట్టిపసుపు, బర్న్ట్ సియెన్నా మేలు.

ఒక విషయంలో మాత్రం మీ ఫిర్యాదుకు కారణం రంగు కాదు. చీర అంచు డిజైను వేస్తే అంచూ ఒడలూ కలిసిపోయాయని, ఎరుపు మీద ఆకుపచ్చ వేసినా విడిగా కనిపించలేదని రాశారు. దాన్ని ఫోనుతో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి, అంచు మాయమవుతుంది. రెండు రంగులూ వేరైనా రెండింటి వెలుగు స్థాయి ఒక్కటే. మన్‌సెల్ అనే అమెరికా చిత్రకళా ఉపాధ్యాయుడు 1905లో రంగును మూడు కొలతలుగా విడదీశాడు: అది ఏ వన్నె, ఎంత వెలుగు లేదా ముదురు, ఎంత నిండుగా లేదా అణిగి ఉంది. విద్యార్థులు మొదటిదాని మీదే ప్రాణం పెడతారు, చిత్రాన్ని నిలబెట్టేది ఎక్కువగా రెండోది. మామిడిపండు రంగు చీరకు వంగపండు అంచు అంత స్పష్టంగా నిలవడానికి అవి ఎదురు రంగులు కావడం ఒక్కటే కారణం కాదు, పసుపు జాతి రంగు చాలా వెలుగైనది, ఊదా జాతి చాలా ముదురైనది. పెన్సిలు పనిలో మీకు పట్టుంది కాబట్టి ఇది మీకు సగం వచ్చినట్టే. మాస్టారు కోపంతో అన్న "పెన్సిలు పని చూసుకో" అనే మాట, ఆయన అనుకోని అర్థంలో, పనికొచ్చే సలహాయే.

ఇంకొక చిన్న సంగతి. మీ శిక్షణ కేంద్రంలో సాయంత్రం ట్యూబులైటు కింద కలుపుతున్నారు. నాయన ఏ చిలపనైనా వీధిలోకి తెచ్చి పగటి వెలుగులో, అదీ ఆరిన తరువాతే చూసి ఖాయం చేస్తారు కదా. లైటు మారితే ఒకేలా కనిపించిన రెండు రంగులు విడిపోవచ్చు, తడి ఆరితే పోస్టర్ కలర్ కూడా మారుతుంది, ముదురువి కాస్త వెలిసి, లేతవి కాస్త ముదిరి. ముఖ్యమైన రంగులను మీ గదిలో పగటిపూట కలిపి, చిన్న ముక్క మీద ఆరబెట్టి చూసి, ఆ తరువాతే బొమ్మలోకి దించండి.

డబ్బు విషయానికి వస్తే, విదేశీ రంగుల కోసం నాయనను అడగవద్దు. ఖరీదైన రంగుల్లో రంగుపొడి వాటా ఎక్కువ, వెలిసిపోకుండా నిలిచే గుణం ఎక్కువ, అది నిజమే. కానీ ఖరీదైన స్కార్లెట్‌నూ ఖరీదైన ప్రష్యన్ బ్లూనూ కలిపితే వచ్చేది ఖరీదైన బురదే. మన అంగళ్లలో విడిగా దొరికే సీసాల్లో రెండు ఎరుపులు, రెండు పసుపులు, రెండు నీలాలు, ఒక తెలుపు, ఒక బర్న్ట్ సియెన్నా ఉంటే ఈ ఏడాదికి సరిపోతుంది. వీటిలో రెండు మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. తక్కువ రంగులతో ఎంత దూరం పోవచ్చో చూడాలంటే మీ జిల్లాలోనే, అంటే పాత అనంతపురం జిల్లాలోనే, లేపాక్షి ఉంది. 16వ శతాబ్దంలో వీరభద్రాలయం పైకప్పుల మీద వేసిన ఆ చిత్రాలలో కావిరంగు, పసుపుమన్ను, నలుపు, తెలుపు, అణిగిన పచ్చ, ఇంచుమించు వీటితోనే పెళ్లివారి చీరల అంచులు కూడా విడివిడిగా కనిపిస్తాయి, నల్లని గీత వాటిని పట్టి నిలుపుతుంది. మీ ఊరికి దగ్గరలో ఉన్న, తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట గ్రామానికి కూడా వీలైతే ఒకసారి వెళ్లండి. తోలుబొమ్మలకు వేసిన రంగు పగలు చేతిలో పట్టుకుంటే మొద్దుగా ఉండి, వెనుక దీపం పెట్టగానే ఎందుకు వెలుగుతుందో, వెలుగు గురించి పైన రాసినదంతా అక్కడ ఒక్క చూపులో తెలుస్తుంది. అక్కడి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, పేరు మీరు వినే ఉంటారు.

శిక్షణ మానేయాలా అన్నది మీరే తేల్చుకోవలసిన విషయం. నాకు కనిపిస్తున్న దారులు చెబుతాను. మొదటిది, ఏమీ అనకుండా నాలుగు నెలలూ గడిపి, క్రిమ్సన్, అల్ట్రామెరీన్‌లతో చక్కని ఊదా వేసి చూపించి, పరీక్ష రాసి బయటపడటం. దీనిలో గొడవ ఉండదు, కట్టిన డబ్బు వృథా కాదు. కానీ ఆ మాట మీ లోపల అలాగే ఉంటుంది, తరువాత చేరే పిల్లలకు కూడా అదే బురద, అవే చీవాట్లు. రెండోది, ఇప్పుడే మానేయడం. రంగుల విషయంలో మీరు ఒంటరిగా నేర్చుకోగలరు, అందులో నాకు సందేహం లేదు. కొలతలు, ఆకారం దగ్గర మాత్రం మన తప్పు మన కంటికి ఆనదు, ఇంకొకరి కన్ను కావాలి, ఆ కన్ను ఆయనకు ఉందని మీరే రాశారు. రుసుము తిరిగి ఇవ్వరని కూడా రాశారు, అంటే మానేస్తే నాయన అప్పు మాత్రమే మిగులుతుంది.

మూడోది, ఆయనతో మాట్లాడటం. ఒక డ్రాయింగ్ షీటు మీద మీ రెండు ఎరుపులనూ రెండు నీలాలతో కలిపి నాలుగు గడులు వేసి, ప్రతి గడి కింద సీసా మీది పేరు రాయండి. తరగతి అయిపోయి అందరూ వెళ్లాక చూపించి, "సార్, వీటిలో ఏ ఊదా పరీక్షకు పనికొస్తుంది?" అని అడగండి. తప్పు చూపించడానికి వచ్చినట్టు కాక, అడగడానికి వచ్చినట్టుగానే ఉంటుంది. అది నటన కూడా కాదు, మీరు నిజంగానే అడుగుతున్నారు. షీటు చూశాక ఆయన ఊరుకోవచ్చు, మెచ్చుకోవచ్చు, "నాకే పాఠం చెబుతావా" అని చిన్నబుచ్చుకోవచ్చు కూడా. చివరిది జరిగితే మిగిలిన నెలలు కొంత ఇబ్బందిగా నడుస్తాయని ముందే అనుకుని వెళ్లండి. నేను మీ వయసులో ఉంటే మూడోదాన్ని ప్రయత్నించి, కుదరకపోతే మొదటిదానికి వచ్చేవాణ్ని. అయితే ఒక హద్దు: మళ్లీ అందరి ముందు ఆ రకమైన మాట అంటే, డబ్బు పోయినా సరే బయటకు రావడంలో తప్పు లేదు. చేయి వణికే చోట ఎవరికీ విద్య రాదు.

అమ్మగారి భయాన్ని చాదస్తమని కొట్టిపారేయకండి. హయ్యర్ గ్రేడ్ సర్టిఫికెట్ రాగానే ఉద్యోగం వస్తుందని ఆమెకు మాట ఇవ్వవద్దు, అది మీ చేతిలో లేదు. కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది, ప్రవేశ పరీక్షలో సీటు వస్తే ఇంటికి మరీ దూరం పోకుండా చదువుకోవచ్చు, రాకపోతే ఒక ఏడాది పోతుంది. ఈలోగా అమ్మకు చూపించదగిన ఇంకొక దారి మీ ఊళ్లోనే ఉంది. చీరలకు గ్రాఫు డిజైన్లు గీసేవారు, వాటిని కంప్యూటరులో జకార్డుకు, అంటే మగ్గం మీద డిజైను తెచ్చే యంత్రానికి, ఎక్కించేవారు మీ వీధుల్లోనే ఉన్నారు. గీత వచ్చి, రంగుల పొందిక తెలిసి, ఏ వన్నె నూలు మీద ఎలా కూర్చుంటుందో ఇంట్లోనే చూసిన మనిషి ఆ పనిలో వెనకబడదు. అది చిత్రకళకు ప్రత్యామ్నాయమని నేననడం లేదు, రెండూ కలిపి నడిపేవారు ఉన్నారు. ఆ పనిలో దిగితే సొంత బొమ్మలకు సమయం చిక్కడం కష్టమవుతుందన్నది కూడా నిజం. సెలవు రోజుల్లో నాయనతో కూర్చుని ఒక పుస్తకంలో ఆయన అద్దిన ప్రతి వన్నె పోగు ముక్క అంటించి, పక్కన ఏవేవి కలిపారో, దాన్నే మీరు పోస్టర్ కలర్‌తో ఎలా సాధించారో రాసుకోండి. ఏ దారిలో వెళ్లినా ఆ పుస్తకం మీ చేతిలో ఉంటుంది.

చేతుల బొమ్మ తప్పకుండా వేయండి. నల్ల సీసాను ఆ రోజుకు మూతపెట్టి పక్కన ఉంచి, నీడలకు బర్న్ట్ సియెన్నాలో అల్ట్రామెరీన్ కొద్దికొద్దిగా కలుపుతూ పోండి. సియెన్నా ఎక్కువైతే వెచ్చని నీడ, నీలం ఎక్కువైతే చల్లని నీడ వస్తాయి, రెండూ సమానమైన చోట నలుపంత ముదురు వస్తుంది గానీ మసిలా చచ్చిపోదు. అరచేతి లోపలి మడతలకు వెచ్చనిది, వేళ్ల సందుల్లో, మణికట్టు కింద చల్లనిది వాడి చూడండి. గోళ్ల చుట్టూ పట్టిన రాణీ రంగును మాత్రం అన్నిటికంటే చివర, ఏమీ కలపకుండా, క్రిమ్సన్‌తోనే పెట్టండి, చుట్టూ ఉన్నదంతా అణిగి ఉంటుంది కాబట్టి చిటికెడు చాలు.